దేవరకొండ బస్సు కండక్టరు, మిర్ కమాండరు: పనిభారాన్ని ముందే లెక్కగట్టేదెలా?

సోమవారం పొద్దున నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సెక్కితే నిలబడటానికి చోటు దొరికినా గొప్పే. మా బావ ఆ రూట్లో కండక్టరు. సీటు రాడ్‌కు నడుము ఆనించి, వేళ్ల సందుల్లో నోట్లు పొడవుగా మడిచి పెట్టుకుని, టికెట్ మిషన్ మీద బొటనవేలు ఆడిస్తూ ఉంటాడు. ఆడవాళ్లకు ఆధార్ చూసి జీరో టికెట్, మగవాళ్ల దగ్గర డబ్బులు. పెద్ద నోటు ఇచ్చినవాళ్లకు అప్పటికప్పుడు చిల్లర లేకపోతే, రావాల్సింది ఎంతో టికెట్ వెనక పెన్నుతో రాసిస్తాడు. ఇంతలో వెనక నుంచి "హోల్డాన్" అని కేక. ముందు నుంచి డ్రైవర్ ఏదో అడుగుతాడు. ఎవరు కొత్తగా ఎక్కారు, ఎవరికి టికెట్ అయిపోయింది అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఆయన తలలోనే ఉండాలి.

కొన్ని రోజులు ఇంటికొచ్చి "ఇయ్యాల మస్తు పనైంది" అంటాడు. టికెట్ల లెక్క చూస్తే ముందురోజుకంటే తక్కువే ఉంటుంది. ఇంకోరోజు బస్సు కిక్కిరిసినా "ఏం లేదు, అల్కగ అయిపోయింది" అంటాడు. చేసిన పనికీ మోసిన బరువుకీ పొంతన కుదరదు.

ఈ కుదరని పొంతనను కుదర్చడమే అంతరిక్ష సంస్థల్లో కొందరు ఇంజినీర్ల ఉద్యోగం. వ్యోమగామి ఏ నిమిషంలో ఏం చూస్తాడు, ఏం నొక్కుతాడు, ఎంతసేపు ఆలోచిస్తాడు, ఎక్కడ చేతులెత్తేస్తాడు అన్నది రాకెట్ లేవకముందే కంప్యూటర్లో నడిపి చూస్తారు. దీన్ని మానవ పనితీరు మోడలింగ్ అంటారు. పేరు వింటే మనిషికి మార్కులు వేసే వ్యవహారంలా ఉంటుంది గానీ, అసలు పరీక్ష ఆ మనిషి ముందున్న స్క్రీన్‌కు, ఆ రోజు టైమ్‌టేబుల్‌కు. నాకు ఈ రంగంలో నచ్చిన సంగతి కూడా అదే. తప్పు జరిగాక ఎవరిని నిలదీయాలా అని వెతకకుండా, జరగకముందే ఏ పనిని ఎక్కడికి జరపాలో చూస్తుంది.

ఆరు గీతల కాగితం

ముందు భారాన్ని కొలవాలి కదా. బరువులా తూకం వేసేది కాదు కాబట్టి, మోసినవాళ్లనే అడగడం పాత పద్ధతి. నాసా ఏమ్స్ కేంద్రంలో పనిచేసిన సాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్‌తో కలిసి 1988లో ప్రచురించిన 'టాస్క్ లోడ్ ఇండెక్స్' ఇందులో అన్నిటికంటే పేరున్నది. విమానాలు, ఆసుపత్రులు, అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ రూములు, అన్నిచోట్లా వాడారు. కాగితం మీద ఆరు గీతలు ఉంటాయి. బుర్రకు ఎంత పని పడింది? ఒంటికి ఎంత పడింది? టైమ్ ఎంత తరిమింది? పని ఎంత బాగా అయిందనుకుంటున్నావు? అందుకు ఎంత కష్టపడాల్సి వచ్చింది? ఎంత చిరాకేసింది? ఒక్కో గీత మీద తక్కువ నుంచి ఎక్కువ దాకా ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టాలి. తర్వాత ఆ ఆరింటినీ రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి, ఈ పనిలో ఏది ఎక్కువ ముఖ్యమని అడుగుతారు. అలా 15 జతలు. ఎక్కువసార్లు గెలిచిన అంశానికి ఎక్కువ బరువు ఇచ్చి చివరికి ఒక అంకె తీస్తారు.

ఆ గీతలు తెలుగులో రాసి ఒక ఆదివారం మా బావ ముందు పెట్టాను. రోజంతా నిలబడే మనిషి, ఒంటి కష్టం దగ్గర సగం కూడా వేయలేదు. బుర్ర దగ్గర సగం దాటాడు. చిరాకు దగ్గర మాత్రం గీత చివరికంటా పోయాడు. ఎందుకని అడిగితే, "టికెట్లు కొట్టుడు కష్టం గాదు బామ్మర్ది. కొడుతుంటె మధ్యల ఆపుతరు సూడు, గదే" అన్నాడు.

పనుల సంఖ్య మాత్రమే చూసే లెక్కకు ఈ మధ్యలో ఆపడం అనేది కనిపించదు. పదకొండో టికెట్ కొడుతుండగా ఎవరో దారి అడిగితే, జవాబుకు పట్టేది రెండు సెకన్లే. కానీ తిరిగొచ్చాక 'ఈ వరుసలో ఎక్కడున్నాను' అని మళ్లీ మొదలుపెట్టాలి. ఆ రెండో ఖర్చు ఏ రిజిస్టరులోనూ పడదు.

ఇదే పనికి ఇంకో కొలత బెడ్‌ఫర్డ్ స్కేల్. బ్రిటన్‌లో టెస్ట్ పైలట్ల కోసం తయారైంది. 1 నుంచి 10 దాకా మెట్లు. ఇందులో ఒకే ఒక్క మాట తిప్పితిప్పి అడుగుతారు: ఈ పని చేస్తుండగా ఇంకో పని మీద పడితే అందుకోవడానికి నీ దగ్గర ఎంత మిగిలి ఉంది? నాకు ఈ ప్రశ్న ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది. ఎద్దు ఎంత మోస్తోంది అని కాకుండా, ఇంకో బస్తా వేస్తే నడుస్తుందా కూలుతుందా అని అడిగినట్టు.

అయితే రెండింటికీ ఒకటే లోటు. పని అయ్యాకే అడగగలం. వాహనం ఇంకా కాగితం మీదే ఉన్నప్పుడు ఎవరిని అడగాలి? ఇంకో లోటు, మనుషులు నిజం చెప్పరు. దాని సంగతి అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ దగ్గర చెబుతాను.

నాలుగున్నర సెకన్ల టికెట్

1980ల మొదట్లో స్టువర్ట్ కార్డ్, థామస్ మోరన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి చేసే పనిని ముక్కలు ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో టైమ్ కట్టారు. చేయి తిరిగినవాళ్లు ఒక మీట నొక్కడానికి సుమారు 0.2 సెకను. చేయిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తెచ్చుకోవడానికి 0.4. తర్వాత ఏం చేయాలో మనసులో సిద్ధం చేసుకోవడానికి 1.35. ఈ చివరిదాన్ని చూడండి. చేతి పని కంటే ఆలోచనకే ఎక్కువ పడుతుంది.

ఈ అంకెలతో జీరో టికెట్‌కు లెక్క వేశాను. ఆధార్ చూసి సరిపోల్చుకోవడం ఒకటి, దిగే ఊరు కోడ్ గుర్తుతెచ్చుకోవడం ఒకటి, రెండు ఆలోచనలు: 2.7 సెకన్లు. ఐదు నొక్కుళ్లు అనుకుంటే 1 సెకను. చేయి అటూ ఇటూ రెండుసార్లు, 0.8. మొత్తం నాలుగున్నర సెకన్లు. అరవై మందికి 270 సెకన్లు. అంటే బస్సు నల్లగొండ పొలిమేర దాటకముందే టికెట్లన్నీ అయిపోవాలి.

బావ కాగితం చూసి చాలాసేపు నవ్వాడు. "లెక్క మంచిగనే ఉంది. గని ముసలవ్వ సంచిల చెయ్యి వెట్టి ఆధార్ కార్డు దేవులాడి తీసెటాలకు కనగల్ వస్తది."

ఆ తరహా మోడళ్లలో ఉన్న చిల్లును ఒక్క మాటలో పట్టేశాడు. చేయి తిరిగినవాడు, ఎవరూ ఆపనప్పుడు, తప్పు చేయకుండా చేస్తే ఎంత పడుతుందో అవి చెబుతాయి, అంతవరకే. అందుకని తర్వాత వచ్చిన మోడళ్లు ఒక్కో పనికి ఒకే అంకె పెట్టకుండా ఒక పరిధి ఇస్తాయి. ఆధార్ తీయడానికి రెండు సెకన్ల నుంచి నిమిషం దాకా, మధ్యలో ఎవరో ఒకరు ఆపే అవకాశం ఇంత, ఆపితే తిరిగి అందుకోవడానికి ఇంత. అలా పనులన్నిటినీ గొలుసుగా కట్టి, కంప్యూటర్లో అదే ప్రయాణాన్ని వేలసార్లు నడుపుతారు. సగటు ఎంత అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. వెయ్యి ప్రయాణాల్లో ఎన్నిసార్లు, సరిగ్గా ఏ మలుపు దగ్గర, పని చేతిలోంచి జారింది అన్నదే కావాలి. అమెరికా సైన్యం వాడే ఇంప్రింట్, ఏమ్స్ కేంద్రంలో 1980లలో మొదలైన మైడాస్, ఈ కోవలోవి.

వీటికి సిద్ధాంత బలం ఇచ్చినవాళ్లలో క్రిస్టఫర్ వికెన్స్ ఒకరు. మనిషి శ్రద్ధ ఒకే డబ్బాలో ఉండదు, కొన్ని వేరు వేరు డబ్బాల్లో ఉంటుందంటాడు. కంటికి ఒకటి, చెవికి ఒకటి, మాటకు ఒకటి, చేతికి ఒకటి అనుకోండి. రెండు పనులు వేరు వేరు డబ్బాల్లోంచి తీసుకుంటే కలిసి నడుస్తాయి, ఒకే డబ్బాలో చేయి పెడితే కొట్టుకుంటాయి. కండక్టరు వేళ్లతో నోట్లు సర్దుకుంటూనే "హోల్డాన్" వినగలడు. కానీ ఆధార్ మీద పేరు చదువుతూ వెనక డోర్లోంచి ఎవరెక్కారో చూడలేడు. రెండూ కంటి పనులే. పైకి ఒక ఊరి పేరు చెబుతూ లోపల చిల్లర కూడటం కూడా కష్టమే. ఎప్పుడైనా ఫోన్లో మాట్లాడుతూ నోట్లు లెక్కపెట్టారా? మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి ఉంటారు.

మైడాస్‌లో ఉండేది ఒక బొమ్మ మనిషి. కాక్‌పిట్లో కూర్చుంటుంది, చూస్తుంది, మరచిపోతుంది కూడా. దాని కన్ను ఎప్పుడు ఎటు పోవాలో నాలుగు సంగతులు తేలుస్తాయి: అక్కడున్నది ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, అటు చూడటానికి ఎంత శ్రమ, అక్కడ ఏదో మారుతుందన్న ఎదురుచూపు ఎంత, ఆ సమాచారం విలువ ఎంత. ముఖ్యమైన మీటర్‌ను ఓ మూలన, మెడ తిప్పితే తప్ప కనిపించని చోట పెడితే, బొమ్మ మనిషి దాన్ని అరుదుగా చూస్తుంది. అసలు మనిషీ అంతే చేస్తాడు. ఇక మరపు సంగతి. తలలో పెట్టుకున్నది కారిపోతుంది, ఎదురుగా రాసి ఉన్నది కారదు. వ్యోమగాములకు చెక్‌లిస్టులు, గుర్తు కార్డులు అందుకే. టికెట్ వెనక చిల్లర రాయడమూ అదే జాతి తెలివి, ఎవరూ మోడల్ వేసి నేర్పకపోయినా.

తెలివి కాని రాత్రి

ఇప్పటిదాకా చెప్పిన అంకెలన్నీ నేలమీద కుర్చీలో కూర్చున్నవాళ్లవి. పైకి వెళ్తే ఒక్కటీ నిలవదు.

1966 జూన్ 5న అమెరికా అంతరిక్ష వాహనం జెమిని 9ఏ నుంచి యూజీన్ సెర్నాన్ బయటికొచ్చాడు. వాహనం వెనక్కి పాకి, అక్కడున్న వీపుసంచి లాంటి యంత్రాన్ని తగిలించుకోవాలి. భూమ్మీద ఇది పెద్ద పనేం కాదు. కానీ అక్కడ కాలు మోపడానికి నేల లేదు, పట్టుకోవడానికి సరైన పిడి లేదు. బిగుసుకున్న సూట్‌లో చేయి వంచడమే ఒక కుస్తీ. ఒక మీట తిప్పితే మీటకు బదులు తానే తిరుగుతాడు. గుండె నిమిషానికి 180 దాకా కొట్టుకుంది, చెమటకు హెల్మెట్ అద్దం మసకబారి కళ్లు కనిపించలేదు. ఆ యంత్రాన్ని వాడకుండానే లోపలికి రావాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో జెమిని 12లో బజ్ ఆల్డ్రిన్ అలాంటి పనులనే తాపీగా చేసుకొచ్చాడు. ఆయన నీటి అడుగున ప్రాక్టీసు చేసి వెళ్లాడు. పాదాలకు పట్టు, చేతికి పిడి ఏర్పాటు చేశారు. మధ్యమధ్య విశ్రాంతిని కూడా టైమ్‌టేబుల్లో రాశారు.

ఒంటి సంగతి అలా సర్దుకుంది. నిద్ర సంగతి ఇప్పటికీ సర్దుకోలేదు.

దీని గురించి రాసేటప్పుడు నాకు మా నాయన గుర్తొస్తాడు. మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు వంతుల కరెంటు. రాత్రి వంతు పడితే రెండింటికి లేచి, టార్చి పట్టుకుని బోరు కాడికి పోవాలి. ఒక రాత్రి పోయి, మోటరు వేసి, వచ్చి పడుకున్నాడు. పొద్దున చూస్తే మా మడి ఎండగానే ఉంది, పక్క చెలక చెరువైంది. గేట్ వాల్వ్ తిప్పడం మరిచాడు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని అది. మా దిక్కు నిద్ర లేవడాన్ని 'తెలివి అయ్యింది' అంటారు. ఆ రాత్రి నాయన లేచాడు, నడిచాడు, స్టార్టర్ కూడా నొక్కాడు. తెలివి మాత్రం కాలేదు.

అలెగ్జాండర్ బోర్బేలి 1982లో దీన్ని రెండు గీతలుగా గీశాడు. ఒకటి నిద్ర బాకీ: మెలకువగా ఉన్నకొద్దీ పెరుగుతుంది, పడుకుంటే తీరుతుంది. రెండోది ఒంట్లోని గడియారం: బాకీతో పనిలేకుండా రోజుకొకసారి పైకీ కిందికీ తిరుగుతుంది, తెల్లవారుజాముకు ముందు అడుగున ఉంటుంది. ఈ రెండూ కలిసిన చోటును బట్టి ఆ గంటలో మనిషి ఎంత చురుగ్గా ఉంటాడో అంచనా కడతారు. ఇప్పుడు వాడుకలో ఉన్న అలసట మోడళ్లలో చాలావాటికి పునాది ఇదే.

అంతరిక్ష కేంద్రం దాదాపు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది కాబట్టి రోజుకు పదహారు సూర్యోదయాలు. ఒంట్లో గడియారానికి దేన్ని చూసి సరిచేసుకోవాలో తెలియదు. వచ్చే పోయే వాహనాల టైమ్‌ను బట్టి డ్యూటీ వేళలూ ఒక్కసారిగా జరుగుతుంటాయి. 64 మంది షటిల్ వ్యోమగాములను, అంతరిక్ష కేంద్రంలో ఉన్న 21 మందిని పరిశీలించిన అధ్యయనం 2014లో వచ్చింది. వాళ్ల నిద్రకు కేటాయించింది ఎనిమిదిన్నర గంటలు. వాళ్లు నిద్రపోయింది రాత్రికి సగటున ఆరు గంటలు, కాస్త అటూ ఇటూ. నాలుగింట మూడొంతుల మంది నిద్రమాత్రలు వాడారు. తర్వాత 2016 నుంచి కేంద్రంలో లైట్లు మార్చారు: పొద్దున నీలం ఎక్కువ, పడుకునే ముందు తక్కువ.

అలసటను కొలవడానికి చిన్న పరీక్ష ఉంది. స్క్రీన్ మీద ఏదో ఒక క్షణాన అంకెలు మొదలవుతాయి, కనబడగానే బటన్ నొక్కాలి. పది నిమిషాలు ఇదే. అర సెకను దాటితే అది తప్పిన లెక్క. అర సెకనేం పోయింది అనిపిస్తుంది. సెకనుకు మూడు మీటర్ల వేగంతో ఏడు టన్నుల బండి మీదికొస్తుంటే, అర సెకను అంటే ఒకటిన్నర మీటరు.

1997 జూన్ 25

ఆ బండి పేరు ప్రోగ్రెస్ ఎం-34. రష్యా స్టేషన్ మిర్‌కు సామాను తెచ్చిన మనిషి లేని వాహనం. దాన్ని ఒకసారి విడదీసి దూరం పంపి, చేతితో నడిపి తిరిగి అతికించే పరీక్ష పెట్టారు. నడపాల్సింది కమాండర్ వసీలీ సిబ్లియేవ్. స్టేషన్ లోపల కూర్చుని, రెండు చేతుల్లో రెండు మీటలు, ఎదురుగా టీవీ. ఆ టీవీలో కనిపించేది ప్రోగ్రెస్ ముక్కు మీదున్న కెమెరా దృశ్యం. అంటే తాను కూర్చున్న ఇంటిని, దాని మీదికి దూసుకొస్తున్న లారీ అద్దంలోంచి చూస్తూ ఆ లారీని నడపడం.

పైన చెప్పిన మోడళ్లన్నీ ఈ ఒక్క సీన్ మీద పెట్టి చూడండి.

దూరం, వేగం చెప్పే రాడార్ వ్యవస్థ ఆ రోజు ఆపేసి ఉంది. మార్చిలో చేసిన ఇలాంటి పరీక్ష విఫలమైంది, అప్పుడు టీవీ బొమ్మకు అది అడ్డొచ్చిందని అనుమానించారు. దాంతో మిర్ బొమ్మ స్క్రీన్ గళ్లలో ఎన్ని గళ్లు ఆక్రమించిందో చూసి దూరం, అది ఎంత త్వరగా పెరుగుతోందో చూసి వేగం, మనసులో కట్టుకోవాలి. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఒకే వేగంతో వస్తున్నా బొమ్మ ఒకే తీరుగా పెరగదు. దూరం సగమైతే బొమ్మ రెట్టింపవుతుంది. రెండు కిలోమీటర్ల నుంచి ఒక కిలోమీటరుకు రావడానికి ఎంతో సేపు పడుతుంది, ఆ సేపంతా కలిపి ఒక్కసారే రెట్టింపు. చివరి వంద మీటర్లలో ఆ రెట్టింపులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. చాలాసేపు ఏమీ కాదు, తర్వాత అంతా ఒక్కసారే. హైవే మీద ఎదురుగా వచ్చే లారీ దూరంగా ఉన్నప్పుడు నిలబడినట్టే కనిపించడం ఇందుకే. పైగా మిర్ వెనక నేపథ్యం నల్లటి ఆకాశం కాదు, కదులుతున్న భూమి, మబ్బులు. బొమ్మ అంచే సరిగా తెలియదు.

మిగతా ఇద్దరు, లజుట్కిన్, మైకేల్ ఫోల్, కిటికీల దగ్గర ప్రోగ్రెస్ కోసం వెతుకుతున్నారు. కనబడితే చేతిలో పట్టుకునే లేజర్‌తో దూరం కొలిచి చెప్పాలి. చెవికి చేరే సమాచారం కాబట్టి అది కమాండర్ కంటికి అడ్డురాదు, ఆలోచన మంచిదే. కానీ చాలాసేపు వాళ్లకు అది కనబడలేదు. కనబడేసరికి మీదికొచ్చేసింది. బ్రేకు వేసినా ఆగలేదు. స్టేషన్లో ఒక గది లాంటి స్పెక్టర్ మాడ్యూల్‌కు, దాని సోలార్ పలకకు తగిలింది, గాలి బయటికి పోవడం మొదలైంది. తలుపులోంచి పోతున్న కేబుళ్లు తెంపి, స్పెక్టర్‌ను మూసేసి ప్రాణాలు దక్కించుకున్నారు.

ఇక కూర్చున్న మనిషి సంగతి. ఫిబ్రవరి 10న భూమి వదిలాడు. 23న స్టేషన్లో మంటలు. అప్పటినుంచి ఒకదాని తర్వాత ఒకటి మరమ్మతులే. ఇలాంటి డాకింగ్‌కు భూమ్మీద తీసుకున్న శిక్షణ నాలుగు నెలల పాతది. మొదట్లో నింద ఎక్కువగా ఆయన మీదే పడింది. నా దృష్టిలో ఆ సీన్‌ను పేర్చిన తీరే తప్పు. ఒకే కంటికి అన్ని పనులు, వేగం ఎంతో తెలియని స్క్రీన్, చివరి క్షణాల్లో కుప్పపడే సమాచారం, అలసిన మనిషి. ఈ నాలుగింటినీ ఏ మోడల్లో పెట్టి నడిపినా ఎర్రదీపం వెలిగేది. చక్కగా నిద్రపోయి వచ్చిన ఇంకో కమాండర్‌ను కూర్చోబెట్టినా నేను పందెం కాయను.

దీనికి పక్కన 1969 జులై 20ని పెట్టి చూడాలనిపిస్తుంది. అపోలో 11 చంద్రుడి మీదికి దిగుతుండగా కంప్యూటర్ 1202 అని అలారం మోగించింది. పని ఎక్కువైంది, అన్నీ చేయలేను అని దాని అర్థం. అక్కర్లేని రాడార్ సంకేతాలు దాని టైమ్‌ను తినేస్తున్నాయి. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం కాబట్టి, చిన్న పనులు వదిలేసి, వాహనాన్ని దించే లెక్కలు మాత్రం ఆపలేదు. దిగే వేళకు ఆర్మ్‌స్ట్రాంగ్ గుండె 150 దాకా కొట్టుకుంటోంది. మనిషీ భారం ఎక్కువైతే పనులు వదిలేస్తాడు. ఏది వదలాలో మాత్రం ఎవరూ రాసి ఇవ్వరు. చాలాసార్లు అన్నీ వదిలేసి ఒకే స్క్రీన్‌కు అతుక్కుపోతాడు.

చెప్పని వాంతి

స్కైలాబ్ కథ చిన్నదే గానీ చెప్పాలి. 1973 నవంబరులో ముగ్గురు వెళ్లారు: కార్, గిబ్సన్, పోగ్. ముగ్గురికీ మొదటి ప్రయాణం. అంతకుముందు బృందం చివరి రోజుల్లో అందుకున్న వేగం చూసి వీళ్లకు మొదటి రోజు నుంచే టైమ్‌టేబుల్ వేశారు. ఇరవై ఏళ్ల అనుభవమున్న కండక్టర్ల లెక్కతో కొత్తవాడికి డ్యూటీ వేసినట్టు. వెళ్లగానే పోగ్‌కు వాంతి అయింది. అంతరిక్షంలో మొదటి రోజుల్లో చాలామందికి అయ్యేదే. కింద చెప్పొద్దని ముగ్గురూ అనుకున్నారు, లోపల టేపు తిరుగుతోందని మరిచారు. కిందనుంచి చీవాట్లు పడ్డాయి.

అనుభవం ఉన్నవాళ్లు సైతం ఇలా దాస్తారు. మళ్లీ పంపరేమో అన్న భయం ఒకటి, పరువు ఒకటి. అందుకే ఆరు గీతల కాగితాన్ని వ్యోమగామి చేతికిచ్చినా, గుండె వేగం, కనుపాప వెడల్పు, చూపు పోయే తీరు కూడా పక్కన పెట్టి చూస్తారు.

ఆరు వారాలు వెనకబడుతూ నెట్టుకొచ్చి, డిసెంబరు 30న కిందివాళ్లతో దాపరికం లేకుండా మాట్లాడారు. అప్పటినుంచి భోజనం వేళ, సాయంత్రం వాళ్లను కదిలించడం మానేశారు. ఇంటిపనుల్లాంటి వాటిని నిమిషాల ప్రకారం కాకుండా ఒక జాబితాగా ఇచ్చి, వీలైనప్పుడు చేసుకోండి అన్నారు. పని జోరందుకుంది. 84 రోజులు ఉండి వచ్చారు. దీన్ని 'అంతరిక్షంలో సమ్మె' అని ఇప్పటికీ రాస్తుంటారు, అది కట్టుకథ.

ఆటో స్టార్టర్ సమస్య

పని ఎక్కువైతే యంత్రానికి అప్పజెబితే పోలా అంటారు. రాత్రి లేవలేక మా దగ్గర రైతులంతా ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటరు దానంతట అదే నడుస్తుంది. ఒక్క రైతు వైపు నుంచి చూస్తే చక్కటి పరిష్కారం. ఊరి వైపు నుంచి చూస్తే, కరెంటు వచ్చిన క్షణాన మోటర్లన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయి. 24 గంటల కరెంటు వచ్చాక వాటిని తీసేయమని ఊరూరా చెప్పాల్సి వచ్చింది.

వాహనంలోనూ అంతే. ఆటోమేషన్ భారాన్ని మాయం చేయదు, ఇంకో గంటకో ఇంకో మనిషికో జరుపుతుంది. అంతా దానంతట అదే నడిచే రోజుల్లో మనిషికి పనిలేదు, పనిలేనివాడికి చూపు మందగిస్తుంది. అది చెడిన ఒక్క నిమిషంలో మొత్తం మీద పడుతుంది. ఒత్తిడి తక్కువైనా పనితీరు పడిపోతుంది, ఎక్కువైనా పడిపోతుంది అని గీసే గోపురం లాంటి గ్రాఫ్ ఉంటుంది కదా, దాని మూలం 1908 నాటి యెర్క్స్, డాడ్సన్ ప్రయోగం. అది ఎలుకల మీద చేసింది. ట్రైనింగ్ క్లాసుల్లో ఆ గ్రాఫ్ పెట్టేవాళ్లు ఈ మాట చెబితే బాగుండు. 2010, 2011లలో ఆరుగురిని 520 రోజులు మాస్కోలో మూసిపెట్టి చేసిన మార్స్-500లో మాత్రం నేరుగానే చూశారు: నెలలు గడిచేకొద్దీ కదలిక తగ్గింది, నిద్ర వేళలు కొందరికి గాడి తప్పాయి.

అంగారకుడికి వెళ్తే ఇది ఇంకా ముదురుతుంది. అక్కడి నుంచి మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు. ఇప్పుడు అంతరిక్ష కేంద్రం భారంలో పెద్ద వాటాను హ్యూస్టన్, మాస్కోల్లో గదుల నిండా కూర్చున్నవాళ్లు మోస్తున్నారు. అదంతా వాహనంలో ఉన్న కొద్దిమంది మీదికి వస్తుంది. ఆ కొద్దిమందిలో ఒకరు నిద్రలో, ఒకరు జ్వరంలో ఉండొచ్చు.

ఈ మోడళ్లను ఎంత నమ్మాలి? 'ఈ పనికి భారం 72' అని చెబితే నేను నమ్మను. 'ఈ రెండు స్క్రీన్లలో మొదటిది మనిషిని ముందు ముంచుతుంది, అదీ ఫలానా మెట్టు దగ్గర' అంటే నమ్ముతాను. అంతరిక్షానికి ఇప్పటిదాకా వెళ్లినవాళ్లు వెయ్యిమంది కూడా లేరు. లోపలి అంకెల్లో ఎక్కువభాగం నేలమీద పైలట్లతో, విద్యార్థులతో కొలిచినవి. పైగా ఒకరికి ఆరు గంటల నిద్ర చాలు, ఒకరికి చాలదు.

అందుకే పైన కొలిచిన ప్రతి చిన్న అంకెకూ విలువ. 2025 జూన్, జులైలలో యాక్సియం-4 యాత్రలో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాంశు శుక్లా తీసుకెళ్లిన ఇస్రో ప్రయోగాల్లో ఒకటి సరిగ్గా ఇదే. బరువు లేని స్థితిలో కంప్యూటర్ తెర ముందు మనిషి చూపు ఎలా నిలుస్తుంది, ఎంత వేగంగా ఎటు దూకుతుంది, తెరమీద గుర్తును వేలు ఎంత కచ్చితంగా అందుకుంటుంది అని. గగన్‌యాన్‌లో ముగ్గురిని మూడు రోజులపాటు 400 కిలోమీటర్ల ఎత్తున తిప్పాలన్నది లక్ష్యం. వాళ్ల ఎదురుగా ఉండే తెరల మీద ఏ బటన్ ఎంత పెద్దగా ఉండాలి, ఏ అంకె ఏ మూలన ఉండాలి అని తేల్చడానికి ఇలాంటి కొలతలే ఆధారం.

టీవీలో ఆ వార్త వచ్చిన రోజు బావ మా ఇంట్లోనే ఉన్నాడు. అంతా విని, "ఆ ఆరు గీతల కాగితం ఇంకోటుందా?" అని అడిగాడు. ఎవరికి అంటే, "మా డ్రైవరుకు. ఆయనకు రాత్రి డ్యూటీ ఏసిండ్రు" అన్నాడు.